చిన్న ఫైలు – పెద్ద బాధ్యత

2024 జూలై 19న ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి, ఆసుపత్రులు, బ్యాంకులు ఇక్కట్ల పాలయ్యాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు ఇందుకు కారణం. ఆనాడు ప్రోగ్రాము మారలేదు. అది చదువుకొనే సమాచారం మాత్రమే మారింది. ప్రోగ్రాములో అంతకుముందే దాగి ఉన్న లోపం దానితో బయటపడింది. గంటన్నర లోపే ఫైలును ఉపసంహరించినా, ఆగిపోయిన యంత్రాలలో అనేకం ఒక్కొక్కటిగా మనుషులే బాగుచేయవలసి వచ్చింది.

తెరపై కనిపించకుండా నిరంతరం పనిచేసే ప్రోగ్రాములను 'సర్వీసులు' అంటారు. ఎవరిని అనుమతించాలి, ఎవరిని నిరాకరించాలి వంటి ఆదేశాలను ప్రోగ్రాములో పొదగక, విడిగా కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంచుతారు. యూనిక్స్‌లోనూ, దాని బాటలో నడిచిన లినక్స్‌లోనూ వీటికి 'ఈటీసీ' అనే డైరెక్టరీ నెలవు. ఇవి చాలావరకు మామూలు అక్షరాలతోనే ఉంటాయి గనుక, అధికారం ఉన్నవారు సులభంగా చదివి దిద్దవచ్చు. సౌలభ్యమూ అదే, ప్రమాదమూ అదే.

అందుచేత అనుభవజ్ఞులు కొన్ని నియమాలు పాటిస్తారు. మొదటిది, ఫైలును ముట్టుకొనే ముందు దాని నకలు భద్రపరచడం. రెండవది, సాధ్యమైనచోట మూలాన్ని దిద్దక, తమ మార్పులను వేరొక ఫైలులో వ్రాయడం. 2010లో వెలువడిన సిస్టమ్‌డీ ఈ పద్ధతికి వీలు కల్పించింది. సాఫ్ట్‌వేరు కొత్త కూర్పు వచ్చినా సొంత మార్పులు చెరిగిపోవు. మూడవది, మార్పు ఎందుకు చేశారో పక్కనే వ్రాసిపెట్టడం. చాలా ఫైళ్ళలో హాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తిని యంత్రం పట్టించుకోదు. అది తరువాత వచ్చే మనిషి కోసం.

నాల్గవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పరీక్ష. దూరాన ఉన్న కంప్యూటరులోకి ప్రవేశం కల్పించే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసునే తీసుకుందాం. దాని ఫైలులో తప్పు దొర్లితే, దిద్దవలసినవారికే దారి మూసుకుపోతుంది. కొత్త తాళంచెవి తిరుగుతుందో లేదో చూడకుండా తలుపు మూసుకొని బయటికి వచ్చినట్లే! ఫైలులోని దోషాలను ముందుగా చూపే సదుపాయం ఆ సర్వీసులోనే ఉన్నది. అది తప్పులేదని చెప్పిన తరువాత కూడా, ఉన్న సంబంధాన్ని తెంచుకోక, రెండవ సంబంధం కలుస్తున్నదని చూసుకోవడం వివేకం.

తొలుత కొద్ది యంత్రాలపై ప్రయోగించి, తరువాతనే విస్తరింపజేసే పద్ధతిని ఇటువంటి ఫైళ్ళకూ పాటిస్తామని క్రౌడ్‌స్ట్రైక్ అనంతరం ప్రకటించింది. ఒక్క కంప్యూటరును చూసుకొనేవారికైనా, లక్షల కంప్యూటర్లను నడిపే సంస్థకైనా సూత్రం ఒక్కటే: వెనుకకు వచ్చే దారి ఉంచుకొని ముందడుగు వేయాలి.