గుర్రము లెక్క చేసినదా?

1904లో బెర్లిన్ నగరమున హాన్స్ అను గుర్రమును చూచుటకు జనము విరగబడిరి. కూడిక చెప్పినచో గిట్టతో నేలపై అన్నిసార్లు తట్టి జవాబిచ్చెడిది. యజమాని ఫాన్ ఓస్టెన్ పూర్వము బడిపంతులు. చూపుటకు రుసుము పుచ్చుకొనడు. అతడు లేనప్పుడు ఇతరులడిగినను గుర్రము చెప్పెడిది. కార్ల్ స్టుంఫ్ మొదలగు పండితులు పరిశీలించి, ఇందు మోసమేమియు లేదనిరి. నిజమే, మోసము లేదు.

ఆస్కార్ ఫుంగ్‌స్ట్ మరియొక ప్రశ్న వేసెను: అడుగువానికే జవాబు తెలియనిచో? అంకెల అట్టలను తాము చూడక గుర్రమునకు చూపగా, నూటికి 8 మాత్రమే సరియైనవి. చూచి చూపినప్పుడు నూటికి 98! ఒకటి రెండు మారులైన అదృష్టమనవచ్చును గాని, పలుమారులు చేసిన పిమ్మట ఇంత తేడా కాకతాళీయము కానేరదు. సరియైన సంఖ్య రాగానే అడుగువాని తల, అతనికే తెలియకుండ, ఇసుమంత పైకి లేచుచుండెను. అది చూచి గుర్రము ఆగుచుండెను. ఈ ఫలితములు 1907లో వెలువడినవి. ఓస్టెన్ మాత్రము నమ్మలేదు, పాపము.

నేడు మందుల పరీక్షలలో సైతము, ఏది అసలు మందో ఇచ్చు వైద్యునికి తెలియనీయకుండుట ఇందుకే. పంతులుగారి కనుబొమలు చూచి "ఏడు... కాదండీ, ఎనిమిది" అను బాలునికి లెక్క వచ్చునో రాదో తెలియవలెనన్న, ప్రశ్నను చీటిపై వ్రాసి, జవాబెరుగని మరియొక పిల్లవానిచే అడిగించి చూడవచ్చును.