ఏ ఊరి మొండితనం ఆ ఊరిదే

పూలతోటల పుస్తకాలు తిరగవేసే వారికి కాంపియన్ అనే మొక్క పేరు ఎక్కడో ఒకచోట తగలకపోదు. ముఖమల్ వంటి వెండిరంగు ఆకులు, వాటి మీద కళ్ళు చెదిరే గులాబీ ఎరుపు పూలు, పూవుకు ఐదేసి రేకులు. దీనికి లిక్నిస్ అనే పేరు, దీపం అనే అర్థం గల గ్రీకు మాట నుండి వచ్చింది. శాస్త్రజ్ఞులు ఇప్పుడు దీనిని సైలీన్ ప్రజాతిలో చేర్చారు. ఇది బహువార్షికమనీ, మొండి మొక్క అనీ, సంరక్షణ పెద్దగా అక్కరలేదనీ ఆ పుస్తకాలు భరోసా ఇస్తాయి. ఆ భరోసాను నమ్మి, అల్వాల్‌లో మా ఇంటి ముందు దీనిని పెంచబోయి నేను నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం.

ఒక అక్టోబరులో విత్తనాలు చల్లాను. నారు చక్కగా వచ్చింది. డిసెంబరు చలికి ఆకులు నిగనిగలాడాయి. వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను. ఏప్రిల్ రాగానే మొక్కలు వాడుముఖం పట్టాయి. పందిరి వేసి, మాకు బిందె నీళ్ళకే కటకటగా ఉన్న రోజుల్లో కూడా రెండు పూటలా తడిపాను. రోహిణి కార్తె ఎలాగో గడిచింది. తీరా వానలు పడ్డాక, జులైలో, మొదళ్ళు కుళ్ళి మొక్కలన్నీ పోయాయి. ఒక్క పూవైనా చూడలేదు.

తప్పు మొక్కది కాదు, నాది. ఈ కాంపియన్ ఆగ్నేయ ఐరోపా రాతి చరియలలో పుట్టింది. మొదటి ఏడు ఆకుల గుత్తిగా ఉండి, గట్టి చలికాలం గడిచాక రెండో ఏడు పూస్తుంది. ఆ పుస్తకాలలో మొండి మొక్క అంటే మంచుకు చావనిది అని అర్థం. మన దగ్గర మంచు ఎక్కడిది? 40 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే విడవకుండా కురిసే వాన, ఇవీ మన పరీక్షలు. అందుకే కాంపియన్‌కు చుట్టమైన డయాంథస్‌ను మన నర్సరీల వాళ్ళు చలికాలపు పూవుగానే అమ్ముతారు.

నేను విచారిస్తూ కూర్చుంటే మా అమ్మ ప్రహరీగోడ పగులు వైపు చూపించి, "దానికెవలు నీళ్ళు పోసిండ్రు బిడ్డా, గట్ల పూస్తాంది?" అన్నది. అది బిళ్ళగన్నేరు! దానికీ ఐదు రేకులే, అదే గులాబీ రంగు. అదీ పరదేశిదే. మడగాస్కర్ దీవి నుండి వచ్చింది. ఐతే అది వేడి దేశపు మొక్క గనుక మన ఎండ దానికి పుట్టిల్లే.

పెంచే పద్ధతి సులువు. మృగశిర కార్తెలో విత్తనాలు చల్లి, పైన పలుచగా మట్టి కప్పాలి. వెలుతురు తగిలితే సరిగా మొలవవు. మన మొరం నేలలో కాస్త మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉండాలి. చిగుళ్ళు తుంచితే గుబురుగా పెరుగుతుంది. రెండు మూడేళ్ళకు మొదలు కట్టెబారితే కత్తిరించాలి. నీరు నిలిస్తే మాత్రం దీనికీ వేరుకుళ్ళు తప్పదు. చేదు వల్ల మేకలు ముట్టవు.

ఆ చేదు గురించి ఒక్క మాట. మా అమ్మ చక్కెర జబ్బుకని రోజూ పొద్దున్నే నాలుగు ఆకులు నమిలేది. జమైకాలోనూ ఇదే నమ్మకం ఉండేది. ఆ ఆకులను కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షిస్తే, చక్కెర తగ్గడం మాట అటుంచి, ఎలుకల రక్తంలో తెల్ల కణాలు పడిపోయాయి. దాని నుండి 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది. తర్వాత వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను ఇప్పటికీ పిల్లల రక్త క్యాన్సరుకు వాడుతున్నారు. కాని డాక్టరు దానిని మిల్లీగ్రాముల లెక్కన తూచి నరంలోకి ఎక్కిస్తాడు. నమిలే ఆకులో ఎంత విషముందో ఎవరు తూచారు? ఇదంతా చెప్పి అమ్మ చేత ఆ అలవాటు మాన్పించేసరికి నా తాతలు దిగి వచ్చారు.

ఇప్పుడు అమ్మ ఆ పూలు దేవుడికి మాత్రమే కోస్తుంది. మిత్రులారా, మొక్క కొనేముందు అది ఎంత మొండిదని కాదు, దేనికి మొండిదని అడగండి.