పాత అమెరికను కారు: అసలెంత? అతుకెంత?

మా బావగారికి నిరుడు ఉద్యోగ విరమణ అయినది. గ్రాట్యుయిటీ సొమ్ము చేతికి వచ్చిన నాటినుంచి ఆయనకు ఒకటే ధ్యాస. పాత అమెరికను కారు కొనాలట. "ఈ వయస్సులో ఇదేం సరదా" అని మా అక్కయ్య నెత్తీ నోరూ బాదుకున్నది. ఆయన చిన్నతనంలో, చిత్తూరులో, వాళ్ళ వీధి డాక్టరుగారికి డాడ్జి కింగ్స్‌వే బండి ఉండేదట. ఒకసారి ఒళ్ళు కాలే జ్వరంతో ఉంటే దాని వెనుక సీటులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళారట. జ్వరం ఎన్నాళ్ళకు తగ్గిందో ఆయనకు గుర్తు లేదు గాని, ఆ సీటు వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులో ఉన్నదంటారు.

పోయిన సంక్రాంతి తరువాత, ఊరికి ఉత్తరాన ఒక షెడ్డులో అదే కారు, 1954 మోడలు, అమ్మకానికి ఉన్నదని తెలిసి నన్ను వెంటబెట్టుకు వెళ్ళారు. నేను మెకానిక్కును కాను. ఫైళ్ళు తిరగవేసే గుమాస్తాను. కాగితాలు చూడడానికి నేను, బండి చూడడానికి కలాసిపాళ్యం వైపునుంచి ఒక ముసలి మేస్త్రీ సాయిబుగారు. "అంతా ఒరిజినలే సార్, బోల్టు కూడా మార్చలేదు" అన్నాడు అమ్మేవాడు. ధర అడిగితే నా మూడేండ్ల జీతమంత చెప్పాడు.

బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చేసరికి బావగారి ముఖం వాడిపోయింది. బానెట్టు మీద డాడ్జి అని ఉన్నది. తలుపులూ, పైకప్పూ, వెనుక వంపూ అన్నీ ఆయన పుస్తకాలలో చూసిన ప్లిమత్ బండివి. "ఏమోయ్, రెండు బళ్ళు కోసి అతికించారు. పద, పోదాం" అన్నారు నా చెవిలో. ఆ మాట మేస్త్రీగారికి వినబడనే వినబడింది. ఆయన నవ్వి, "అయ్యా, అనుమానించవలసినది అది కాదు. అది మాత్రమే నిజం" అన్నారు.

దీనికి కొంచెం పూర్వకథ చెప్పాలి. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు క్రైస్లర్ కంపెనీతో ఒడంబడిక చేసుకుని, 1947 నుంచి బొంబాయి కుర్లా కర్మాగారంలో బళ్ళు బిగించడం మొదలుపెట్టారు. భాగాలు ఓడలలో పెట్టెలకొద్దీ వచ్చేవి. క్రైస్లర్ వారు విదేశాలకు పంపేటప్పుడు ఒకే ప్లిమత్ ఒంటికి మూడు పేర్లు పెట్టేవారు. ప్లిమత్ పేరుతో ఒకటి, డాడ్జి కింగ్స్‌వే అని ఒకటి, డిసోటో డిప్లొమాట్ అని ఒకటి. ఏ పేరు డీలరుకైనా చవక రకం బండి ఒకటి ఉండాలని వారి యుక్తి. అమెరికా బజారులో అమ్మిన 1954 డాడ్జి వేరు, మన దేశానికి వచ్చిన డాడ్జి వేరు. కనుక అక్కడి పుస్తకం పట్టుకుని ఇక్కడి బండిని పరీక్ష చేస్తే అసలైనది నకిలీగా కనబడుతుంది.

స్టీరింగు కుడివైపున ఉండడం కూడా అంతే. జనరల్ మోటార్స్ వారు 1928 నుంచి 1954 వరకు బొంబాయి శివ్డీలో షెవర్లే బళ్ళు బిగించారు. హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తర్‌పాడాలో స్టూడిబేకరు బిగించారు. ఇవి కుడిచేతి బళ్ళుగానే పుట్టాయి. ఎడమచేతి బండిని తరువాత ఎవరైనా మన గ్యారేజీలో కుడివైపుకు తిప్పి ఉంటే, డాష్‌బోర్డు కింద పాత పెడల్ రంధ్రాలను మూసిన వెల్డింగు మచ్చలు చేతికి తగులుతాయి.

అసలు ఆ మోటారు కర్మాగారం మన బెంగళూరుకే రావలసినది. 1930ల రెండవ సగంలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, వాల్‌చంద్‌గారు కలిసి ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ పెట్టించాలని ఎంతో తంటాలు పడ్డారు. తెల్లదొరల ప్రభుత్వం సాగనివ్వలేదు. కార్లకు బదులు 1940 డిసెంబరులో విమానాల ఫ్యాక్టరీ వచ్చింది. అదే నేటి హెచ్.ఏ.ఎల్. మన మోక్షగుండంవారి మాట నెగ్గి ఉంటే ఆ డాడ్జి ఏ యశ్వంతపురంలోనో పుట్టి ఉండేది. పోనివ్వండి, మళ్ళీ షెడ్డులోకి వద్దాం.

అమ్మేవాడు తాళం తిప్పాడు. బండి టకటకమన్నది. మేస్త్రీగారు బానెట్టు ఎత్తకుండానే పెదవి విరిచారు. 1954 కింగ్స్‌వేకు ఉండవలసినది సుమారు మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. వాల్వులు పక్కన ఉండే ఫ్లాట్‌హెడ్ రకం, కుట్టుమిషనులాగా మెత్తగా తిరుగుతుంది. ఇక్కడ కూర్చున్నది ఏదో వ్యానుకు పెట్టే నాలుగు సిలిండర్ల డీజిలు. "మైలేజీ కోసం సార్, అదొక్కటి తప్ప అంతా ఒరిజినలే" అన్నాడు అమ్మేవాడు.

నిజం చెప్పాలంటే ఆ మార్పు చేసినవారిని తిట్టబుద్ధి కాదు. 1973 తరువాత పెట్రోలు ధర మండిపోయినప్పుడు, లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు కూడా రాని ఆ పెద్ద ఇంజనుతో టాక్సీ తిప్పి పిల్లలను పోషించుకోవడం ఎవరి తరం? డీజిలు పెట్టించడం వల్లనే అటువంటి బళ్ళు కొన్ని తుక్కులోకి పోకుండా మిగిలాయి. ఆ మార్పును దాచి అసలు ధర అడగడమే నాకు నచ్చనిది.

ఇక నా వంతు వచ్చింది. ఆర్.సి. పుస్తకం తెరిచాను. ఇంధనం గడిలో పెట్రోలు. సిలిండర్లు ఆరు. ఇంజను నంబరు గడిలోని అంకెలకూ, ఇంజను మీది అంకెలకూ ఎక్కడా పొత్తు లేదు. ఇది చిన్న విషయం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇటువంటి మార్పును రిజిస్టరింగు అధికారి అనుమతితో ఆర్.సి.లో ఎక్కించాలి. తయారుచేసినవారి అసలు కొలతలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది కూడా.

దానికి తోడు 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి బళ్ళకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటినుంచి 50 ఏండ్లు దాటి, అసలు రూపంలో నిలిచి ఉన్న బండికే ఆ గౌరవం. ఛాసిస్సులో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు చేసి ఉండరాదు. కొత్తగా రిజిస్టరు చేస్తే నంబరులో వి.ఎ. అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు, తరువాత పొడిగింపుకు 5,000. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే వింటేజి బండిని రోజూ కూరగాయలకు తీసుకుపోవడానికి వీలులేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే. ఈ డాడ్జి మోడలును బట్టి వయస్సు చాలినా, ఇంజను దగ్గరే వీగిపోతుంది.

అక్కడితో లేచిరావచ్చును గాని మేస్త్రీగారు ఊరుకోలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపు మీద పెట్టారు. పైన గట్టిగా అంటుకున్నది. అడుగుకు జరిపితే జారిపడింది. అక్కడ ఇనుము లేదు, బొటనవేలు మందం లప్పం! తలుపు అంచు రబ్బరు లాగి చూస్తే ధగధగలాడే ఎర్రరంగు కింద ముదురాకుపచ్చ బయటపడింది. రంగు మార్చడం మహాపరాధం కాదు. కాని కొత్త రంగు ఎంత మెరిస్తే అంత అనుమానించమన్నారు మేస్త్రీగారు. నంబరు రేకును పట్టి ఉంచిన రివెట్లు మరీ కొత్తగా ఉన్నా, ఛాసిస్సు మీది అంకెలు ఒకటి పైకీ ఒకటి కిందికీ గుద్ది ఉన్నా ఇంటికి వెళ్ళిపోవడమే మేలట. ఆర్.టి.ఓ. ఆఫీసులో పెన్సిలు రుద్ది తీసే ముద్రలాగా మనమూ ఒకటి తీసుకుని ఆర్.సి.తో సరిచూసుకోవచ్చు.

అమెరికావారు ఈ అంకెల విషయంలో మనకంటె ఛాందసులు. అక్కడి 1957 షెవర్లే బెల్ ఎయిర్ ఎనిమిది సిలిండర్లతో పుట్టి ఉంటే దాని నంబరు వి.సి.57 అని మొదలవుతుంది. వి లేకుండా సి.57 అని ఉంటే అది ఆరు సిలిండర్ల బండి. తరువాత ఎవరు ఎంత పెద్ద ఇంజను దింపినా రేకు మాట మారదు. 1965 ఫోర్డ్ మస్టాంగుకైతే చక్రం చూసినా చాలు. ఆరు సిలిండర్ల దానికి నాలుగు నట్లు, ఎనిమిదింటి దానికి అయిదు.

అన్ని మార్పులనూ ఒకే గాటకట్టకూడదు. 1954 ప్లిమత్ జాతి బళ్ళకు కరెంటు ఆరు వోల్టులే. దానిని పన్నెండుకు మార్చడం, ఇండికేటర్లు పెట్టించడం, రేడియల్ టైర్లు వేయడం వంటివి సాయంత్రానికి విప్పి పాత స్థితికి తేవచ్చు. కోసిన ఇనుమును, అమ్మేసిన ఇంజనును తేలేము. అసలు ఇంజను ఏమైందని అడిగితే, ఎప్పుడో శివాజీనగర్ గుజరీలో తూకానికి వేశామన్నాడు ఆ అమ్మేవాడు. మేస్త్రీగారి ముఖం చూస్తే ఆయన బంధువెవరో పోయినట్లున్నది.

బావగారు సగం ధర చెప్పారు. అతడు ఒప్పుకోలేదు. పది రోజులకు అదే బండిని మరెవరో "పూర్తి ఒరిజినల్" అని కొనుక్కుపోయారని విన్నాము. బావగారు రెండు రోజులు సరిగా భోజనం చేయలేదు. ధర్మస్థలకు వెళ్ళినప్పుడు అక్కడి కార్ల మ్యూజియంలో గంటన్నర నిలబడ్డారట. కొనదలచినవారు మొదట అటువంటిచోట మంచి బళ్ళను దగ్గరనుంచి చూసి రావడం అన్నివిధాలా నయం.

మొన్న ఉగాది వెళ్ళాక మల్లేశ్వరంలో ఇంకొక బండి కనబడింది. అదే ఒళ్ళు, పేరు మాత్రం ప్లిమత్. ఇరవై ఏండ్లుగా కదలలేదు. రంగు వెలిసింది, అద్దం పగిలింది, పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టారు. మేస్త్రీగారు కిరోసిను గుడ్డతో ఇంజను పక్కన తుడిచి ఒక్కొక్క అంకె చదువుతుంటే నేను ఆర్.సి.లో వేలు పెట్టి సరిచూశాను. అన్నీ కలిశాయి. మరమ్మతు ఖర్చు కొన్న ధరను మించుతుందని మేస్త్రీగారు ముందే హెచ్చరించారు. అయినా బావగారు పోయిన ఆదివారం బయానా ఇచ్చేశారు.

ఇచ్చి, చిరిగిన వెనుక సీటులో కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

"అదే వాసనా, బావగారూ?" అని అడిగాను.

"ఎలుకల కంపోయ్" అన్నారు, కళ్ళు తెరవకుండానే.