గాలి కదల్చని రాయి ఎలా మాయమైంది?

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో గ్రీన్స్‌బర్గ్ చిన్న ఊరు. చుట్టూ పొలాలు, ఊళ్లో పదిహేను వందల దాకా జనం. దారినపోయేవాళ్లు ఆగి చూడదగ్గవి అక్కడ రెండే ఉండేవి. ఒకటి, మనుషులు చేత్తో తవ్విన పెద్ద బావి. 109 అడుగుల లోతు, 32 అడుగుల వెడల్పు. 1887లో మొదలుపెట్టి మరుసటి ఏడాదికల్లా పూర్తిచేశారు. రెండోది, ఆ బావి దగ్గరి మ్యూజియంలో ఉంచిన వెయ్యి పౌండ్ల ఉల్క. మన లెక్కలో దాదాపు 450 కిలోలు. భూమి లోపలికి చూడాలన్నా, ఆకాశం నుంచి పడ్డదాన్ని చూడాలన్నా ఒకే చోట పనైపోయేది.

2007 మే 4 రాత్రి, పది గంటలు కావస్తుండగా, ఆ ఊరి మీదుగా టోర్నడో వెళ్లింది. తుఫాను తెలుగువాళ్లకు కొత్త కాదు. కానీ తుఫాను నాలుగు రోజుల ముందే కబురు పంపి వస్తుంది. హుద్‌హుద్ ఎప్పుడొస్తుందో విశాఖకు ముందే తెలుసు. గ్రీన్స్‌బర్గ్‌లో సైరన్ మోగాక జనానికి దక్కింది ఇరవై నిమిషాలు. గాలి వేగం గంటకు 330 కిలోమీటర్లు ఉంటుందని తర్వాత అంచనా వేశారు. సుడి వెడల్పు రెండున్నర కిలోమీటర్ల పైమాటే, అంటే ఊరు మొత్తం అందులో ఇమిడిపోయింది. టోర్నడోల తీవ్రతను కొలిచే సవరించిన ఫుజితా స్కేలు అప్పటికి అమల్లోకి వచ్చి మూడు నెలలే అయింది. దానిపై అత్యున్నత అంకె, 5, మొదట పడింది ఈ ఊరికే. పదిమందికి పైగా చనిపోయారు. కట్టడాల్లో 95 శాతం పోయాయి. పోయినవాటిలో మ్యూజియమూ ఉంది.

ఉల్క కూడా కనిపించడం లేదని వార్త వచ్చింది. కార్లనే ఎత్తి విసిరిన గాలికి రాయి ఒక లెక్కా, ఎక్కడో పొలాల్లో పడి ఉంటుందిలే అనిపించడం సహజం. కానీ చిన్న లెక్క వేసుకుంటే వేరే సంగతి తెలుస్తుంది.

అంత వేగంతో వీచే గాలి తనకు ఎదురైన ప్రతి చదరపు మీటరునూ దాదాపు 500 కిలోల బరువుతో తోస్తుంది. మామూలు కారు పక్కభాగం సుమారు ఆరు చదరపు మీటర్లు. అంటే మూడు టన్నుల తోపు. కారు బరువేమో టన్నున్నర. కాబట్టి లేస్తుంది, దొర్లుతుంది, ఎవరి పెరట్లోనో పడుతుంది. ఉల్క సంగతి చూడండి. ఇనుము కలిసిన రాయి కనుక 450 కిలోల బరువు వంద లీటర్ల చోటులో ఇమిడిపోతుంది. గుండ్రంగా ఉందనుకుంటే గాలికి దొరికేది పావు చదరపు మీటరు. దాని మీద పడే తోపు 125 కిలోలు. ఎత్తడం మాట దేవుడెరుగు, నేల మీద జరపాలన్నా దాని బరువులో దాదాపు సగం తోపు కావాలి. ఎగిరొచ్చిన దూలమేదో తగిలి పక్కకు ఒరిగితే ఒరగొచ్చు. గాలి మటుకే అయితే దాన్ని కదల్చలేదు.

అలాంటప్పుడు రాయి మాయమైందంటే అర్థం ఒకటే. అది ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ ఉన్న భవనం ఇక లేదు. నిజంగానే కొద్ది రోజులకు శిథిలాల కింద దొరికింది. కోట్ల ఏళ్లు అంతరిక్షంలో తిరిగి, గాలిపొరను చీల్చుకుని వచ్చి, నేలను గుద్దుకుని కూడా మిగిలిన రాయి మీద ఒక గోడ కూలింది. బహుశా దాని అనుభవాల్లో అతి చిన్నది.

ఇది మొదట దొరికిన తీరు ఇంకా సరదాగా ఉంటుంది. గ్రీన్స్‌బర్గ్‌కు తూర్పున బ్రెన్‌హామ్, హావిలాండ్ ప్రాంతంలో ఎప్పుడో ఉల్కల వాన కురిసింది. 1880ల్లో అక్కడ సేద్యానికొచ్చిన ఎలైజా కింబర్లీ అనే ఇల్లాలు పొలంలో తగిలిన నల్లరాళ్లను ఏరి దాచేది. రాళ్లు పండిస్తోందని అందరూ నవ్వారు. 1890లో క్రాగిన్ అనే కాలేజీ ప్రొఫెసర్ వచ్చి వాటిని డబ్బిచ్చి కొన్నాక నవ్వు ఆగింది. మన వెయ్యి పౌండ్ల రాయిని 1949లో స్టాక్‌వెల్ అనే ఆయన లోహాలను పసిగట్టే యంత్రంతో వెతికి బయటికి తీశాడు.

ఈ రకాన్ని పల్లసైట్ అంటారు. సైబీరియాలో దొరికిన ఇలాంటి పెద్ద ముద్దను 1772లో పరిశీలించిన పల్లాస్ పేరు మీద వచ్చింది. నికెల్ కలిసిన ఇనుములో పచ్చటి ఆలివిన్ స్ఫటికాలు వేరుశనగ చిక్కీలో పప్పుల్లా పొదిగి ఉంటాయి. కోసి మెరుగుపెడితే వెలుతురు ఆ స్ఫటికాల్లోంచి ఇవతలికి వస్తుంది. ఉల్కల్లో చాలా అరుదైన రకం. మార్కెట్లో గ్రాముల లెక్కన అమ్ముతారు.

కాబట్టి టోర్నడో వెళ్లిపోయాకే ఉల్కకు అసలు ప్రమాదం మొదలవుతుంది. మెరుగుపెట్టని ఉల్క చూపులకు తుప్పుపట్టిన బండరాయి. శిథిలాలను ఎత్తిపోసే బుల్డోజరు డ్రైవరుకు దాని మీద లక్షల డాలర్లేమీ రాసి కనిపించవు. లారీలోకి ఎక్కిందంటే చెత్తదిబ్బే. లోహపరికరంతో వెతుకుదామా అంటే, పొలంలో దాన్ని పట్టిచ్చిన యంత్రం ఇక్కడ పనికిరాదు. కూలిన భవనమంటే మేకులు, చువ్వలు, పైపులు. ప్రతి అడుగుకీ మోగుతూనే ఉంటుంది. అక్కరకొచ్చేది పాత పద్ధతే: రాయి ఏ గదిలో, ఏ మూల ఉండేదో తెలిసిన మనిషి, ఆ గది ప్లాను.

తర్వాతి శత్రువు నీళ్లు. మన ఇళ్లలో ఇనప గేటుకు ఏం జరుగుతుందో ఉల్క ఇనుముకూ అదే జరుగుతుంది. పైగా నేలలో ఎంతోకాలం పడి ఉన్నది కాబట్టి లోపల ఉప్పు చేరి ఉంటుంది. తడి తగిలితే ఆ ఉప్పు తుప్పును లోపలికి తీసుకెళుతుంది. ఇనుముకూ స్ఫటికానికీ మధ్య అతుకులు ముందు వదులవుతాయి, ఆపైన పచ్చలు రాలడమే. అందుకే తవ్వితీసిన వెంటనే ఆరబెట్టి, తేమ తక్కువున్న గదికి చేర్చాలి. పేపర్లలో ఫొటో తర్వాతైనా వేయించుకోవచ్చు.

రాయి ఒక్కటి దక్కితే చాలదు. 2018లో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం తగలబడింది. అది ప్రకృతి చేసిన పని కాదు కానీ పాఠం అదే. అయిదు టన్నులు దాటిన బెందెగో ఉల్క మంటల్లోనూ నిలిచింది. పక్కనున్న కాగితాలు, కీటకాలు, రికార్డులు బూడిదయ్యాయి. ఏ విపత్తులోనైనా ఇదే వరస. రాయి మిగులుతుంది, దాని జాతకం పోతుంది. ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఎంత బరువు, ఏ ముక్క ఎక్కడికి వెళ్లింది అనే వివరాలు లేని ఉల్క శాస్త్రజ్ఞులకు సగం పనికే వస్తుంది. దొంగకు మాత్రం ఇంకా సులువు.

గ్రీన్స్‌బర్గ్ తిరిగి లేచింది. బావి మీద కట్టిన కొత్త మ్యూజియం 2012లో తెరిచారు, ఉల్క అందులోనే ఉంది. మన తీరం పొడవునా ఉన్న మ్యూజియంల వాళ్లకు ఒక మనవి: వస్తువుల జాబితా, ఫొటోలు, గదుల ప్లాను నకళ్లు ఒక కట్ట వేరే ఊళ్లో పెట్టండి. ఖర్చు పెద్దగా కాదు. అక్టోబరు తుఫాన్ల కంటే ముందే పెడితే మరీ మంచిది.