పసిబిడ్డ కుంటుతుంటే...

రెండవ సమూయేలు గ్రంథం 4వ అధ్యాయంలో ఒక ఐదేళ్ల పిల్లవాని సంగతి ఒకే ఒక్క వచనంలో ఉన్నది. సౌలు, యోనాతానుల మరణవార్త యెజ్రెయేలు నుండి రాగానే దాది ఆ పిల్లవాణ్ణి ఎత్తుకొని పరుగెత్తింది. ఆ తొందరలో వాడు పడిపోయాడు, కుంటివాడయ్యాడు. వాని పేరు మెఫీబోషెతు. వాని కాళ్లు ఎందుకు చెడ్డాయో ఇంటివారికి తెలుసు. కాని ఏ కారణమూ తెలియకుండా బిడ్డ కుంటడం మొదలుపెడితే ఆ తల్లిదండ్రుల బాధ వేరు. రాత్రి బాగానే పడుకున్నాడు. తెల్లవారి కాలు కింద మోపనంటున్నాడు. పడలేదు, దెబ్బ తగల్లేదు. మరి ఏమైనట్టు?

మా నూజివీడు ప్రాంతంలో సంఘ కుటుంబాలను దర్శించేటప్పుడు ఈ ప్రశ్న మేము చాలాసార్లు విన్నాము. ఏప్రిల్, మే నెలలు వస్తే ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు సగం ఊరు మామిడి తోటల్లోనే ఉంటుంది. పెద్దలు చిక్కం పట్టి కాయ కోస్తుంటే, తల్లులు బంగినపల్లి, రసాలు వేరు చేసి గడ్డిలో పేరుస్తుంటే, పిల్లలు చెట్ల కింద చెప్పుల్లేకుండా ఆడుకుంటారు. అందుచేత బిడ్డ కుంటగానే ఇరుగుపొరుగు తలా ఒక మాట చెబుతారు. కొమ్మ మీద నుంచి దూకి ఉంటాడని ఒకరు, నరం పట్టిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. ఆముదం కాచి రుద్దమంటారు. నాటువైద్యుని కట్టు కట్టించమంటారు.

ప్రియమైన తల్లిదండ్రులారా, రుద్దకముందు చూడండి.

ముందు ఇంట్లో చూడవలసినవి

మొదట పాదం. వేళ్ల సందులు, మడమ, అరికాలు వెలుతురులో చూడండి. ముల్లో, గాజుపెంకో, పుండో ఉండవచ్చు. గజ్జల్లో బిళ్ల కట్టిందేమో తడిమి చూడండి. పాదంలో చీము పడితే అక్కడ బిళ్ల కట్టడం మన పెద్దలకు తెలిసిన విషయమే. తరువాత జ్వరం చూడండి. గడచిన రెండు వారాల్లో జలుబు, దగ్గు ఏమైనా వచ్చాయా, తొడకు సూదిమందు వేయించారా, గుర్తు చేసుకోండి. పొద్దున ఎక్కువ కుంటుతున్నాడా, సాయంత్రం ఆడి అలసిన తరువాతా? నిద్రలో నొప్పితో లేస్తున్నాడా? వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

మరొక సంగతి తప్పక తెలిసి ఉండాలి. మోకాలు నొప్పి అని బిడ్డ చెప్పినంత మాత్రాన జబ్బు మోకాలిలోనే ఉందనుకోకూడదు. తుంటికీలుకూ మోకాలికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి. తుంటిలో ఉన్న బాధ మోకాలిలో తెలుస్తుంది.

భయపడనక్కరలేనివి, ఆలస్యం చేయరానివి

మూడు నుండి పదేళ్ల లోపు పిల్లల్లో ఉన్నట్టుండి వచ్చే కుంటుకు ఎక్కువసార్లు కారణం తుంటికీలులో తాత్కాలికంగా వచ్చే వాపు. జలుబు చేసి తగ్గిన కొద్దిరోజులకు వస్తుంది. జ్వరం ఉండదు, ఉన్నా కొద్దిగానే. విశ్రాంతితో, వైద్యుడు ఇచ్చే నొప్పి మందుతో ఒకటి రెండు వారాల్లో పోతుంది. నడక నేర్చే పసివారికి చిన్నగా కాలు మెలికపడినా పిక్క ఎముకలో సన్నని చీలిక రావచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనబడక, పది రోజుల తరువాత తీసిన దానిలో కనబడడం కూడా ఉన్నది.

కాని తుంటికీలులో చీము పడితే సంగతి వేరు. గట్టి జ్వరం, కాలు అసలు మోపలేకపోవడం, కదిలిస్తే చాలు కేక పెట్టడం, బిడ్డ నీరసంగా వాడిపోయి ఉండడం దాని గుర్తులు. అప్పుడు తెల్లవారే దాకా ఆగకూడదు. రక్తపరీక్షలు, స్కానింగు, అవసరమైతే కీలులోని నీరు తీసి పరీక్ష చేయడం ఆ పూటే జరగాలి. చీము కొద్దిరోజుల్లోనే కీలును తినేస్తుంది. పిల్లవాడు జీవితాంతం కుంటవలసి రావచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఇలాంటి కాలిని రుద్దడం, కట్టు కట్టడం హానికరం. 108కి ఫోన్ చేయండి, పిల్లల వైద్యుడూ ఎముకల వైద్యుడూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

నొప్పి లేకుండా కాలు ఉన్నట్టుండి మెత్తబడి వాలిపోతే కూడా ఆలస్యం చేయవద్దు. మనదేశంలో అడవి పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మన ప్రాంత దేశాలకు పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. అయినా పదిహేనేళ్ల లోపు ఎవరికి ఇలా కాలు చచ్చుబడినా ప్రభుత్వ వైద్యశాఖకు తెలపాలన్నది నియమం. పద్నాలుగు రోజుల లోపు రెండుసార్లు మలం నమూనా తీసి పరీక్షిస్తారు. ఇది భయపడవలసిన సంగతి కాదు, ఊరందరి పిల్లలకూ కాపలా.

ఇక వారాలు గడిచినా పోని కుంటు. బిడ్డ పాలిపోవడం, ఒంటిమీద కారణం లేని కమిలిన మచ్చలు, రాత్రి ఎముకల నొప్పి ఉంటే రక్తపరీక్ష తప్పదు. రక్త క్యాన్సరు కూడా ఒక్కోసారి ఇలాగే మొదలవుతుంది. సకాలంలో వైద్యం మొదలైతే ఈనాడు చాలామంది పిల్లలు బాగుపడుతున్నారు. సాయంత్రపు జ్వరం, తూకం తగ్గడం ఉంటే తుంటి క్షయ ఏమో చూడాలి. దాని మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నడక మొదలుపెట్టిన నాటి నుండీ నొప్పి లేకుండా ఒక పక్కకు ఒరిగి నడుస్తుంటే పుట్టుకతోనే తుంటి జారి ఉండవచ్చు. ఎంత చిన్న వయసులో కనిపెడితే వైద్యం అంత తేలిక. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు పిల్లల్లో చూసే లోపాలలో ఇదీ ఒకటి.

ఒక కుటుంబం సంగతి

మేము ఎరిగిన ఒక కుటుంబంలో తండ్రి తోటను గుత్తకు తీసుకొని కాయ అమ్ముకుంటాడు. కోత ముమ్మరంగా ఉన్న రోజుల్లో వారి ఐదేళ్ల కొడుకు కుంటసాగాడు. మోకాలు నొప్పి అన్నాడు. మోకాలికి ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. కాయ అంతా దించాక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్దామని తండ్రి. అప్పు అతనికి తెలుసు, ఒక గాలివాన వస్తే పంట నేలపాలవుతుందని కూడా తెలుసు. తల్లి మాత్రం రాత్రంతా ఏడ్చేది. "అయ్యగారూ, కాయ ఏరడానికి వెళ్తూ నేనే వాణ్ణి చెట్టు కింద వదిలాను. నా పాపమే వాడికి తగిలింది" అన్నది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు ఇలాంటి ప్రశ్నే అడిగారు. వీడు పాపం చేశాడా, వీని కన్నవారా అని. ఇద్దరూ కారన్నాడు ప్రభువు. ఆ మాటే ఆమెకు చెప్పి ప్రార్థించి, మరునాడే విజయవాడ వెళ్లమని చెప్పాము. తండ్రి కోత అన్నకు అప్పగించి బయలుదేరాడు. అక్కడ వైద్యుడు తుంటికి ఎక్స్‌రే తీయించాడు. తుంటి ఎముక గుండుకు రక్తం సరిగా అందక అది మెత్తబడే పెర్తీస్ జబ్బు అని తేలింది. 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్స్‌లో కాల్వే, జర్మనీలో పెర్తీస్ ఎవరికి వారు దీన్ని వివరించారు. మగపిల్లల్లో ఎక్కువ. ఎందుకొస్తుందో వైద్యశాస్త్రానికి ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తల్లి చెట్టు కింద వదిలితే వచ్చేది మాత్రం కాదు.

ఆ ఎముక మళ్లీ గట్టిపడడానికి రెండు నుండి నాలుగేళ్లు పడుతుంది. ఆరేళ్ల లోపు వచ్చినవారు సాధారణంగా బాగా కోలుకుంటారు. అంతవరకు గెంతకూడదు, దూకకూడదు, వైద్యుడు చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించుకోవాలి. చెట్లెక్కే పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం తల్లికి చిన్న పని కాదు. సండేస్కూలు టీచరు ఆటలు మార్చింది. వాడు కూర్చునే ఆడేవి పెట్టింది. సంఘంలోని యౌవనస్థులు వంతులవారీగా వాణ్ణి సైకిలు మీద బడికి దింపారు. ఇది కూడా వైద్యమే.

సంఘానికి ఒక మాట

మెఫీబోషెతు కథ ఆ ఒక్క వచనంతో ముగియలేదు. పెద్దవాడయ్యాక దావీదు రాజు వానిని పిలిపించి నిత్యమూ తన బల్లయొద్ద భోజనం చేయనిచ్చాడని 9వ అధ్యాయంలో చదువుతాము. వాని కాళ్లు బాగుపడినట్లు అక్కడ లేదు. వానికి చోటు దొరికినట్లు ఉన్నది. కనుక ఏ బిడ్డనూ "కుంటోడా" అని పిలవకండి, మీ పిల్లలను పిలవనివ్వకండి. వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసమని ఎవరైనా అంటే వినకండి. లూకా వైద్యుడే గదా! ప్రార్థన చేస్తూనే బస్సెక్కండి. బిడ్డ ఎప్పటి నుండి కుంటుతున్నాడో, జ్వరం ఎంత ఉందో ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి. పొరుగింటి తల్లి అలా బయలుదేరితే ఆమె మిగతా పిల్లలకు ఆ పూట మీ ఇంట అన్నం పెట్టండి.