చుక్కల మధ్య... దొంగ చుక్క!

పొద్దు గూకిన గంటకు డాబా ఎక్కి చూడండి. మిణుకుమిణుకుమనే చుక్కల మధ్య నుంచి, మినుకన్నదే లేకుండా నింపాదిగా నడిచిపోయే చుక్క ఒకటి కనిపించవచ్చు. అది చుక్క కాదు, ఉపగ్రహం. దానికి సొంత వెలుగు లేదు. కింద మనకు చీకటి పడినా వందల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న దాని మీద ఇంకా ఎండ పడుతూనే ఉంటుంది. ఆ ఎండే మన కంటికి మెరుపులా తగులుతుంది.

చూసేవాళ్లకు ముచ్చటే కానీ ఖగోళ శాస్త్రవేత్తలకు గుండెల్లో గుబులు. ఎక్కడో దూరాన ఉన్న మసక వెలుగును ఒడిసిపట్టాలని టెలిస్కోపు చూస్తుంటే, మధ్యలో ఉపగ్రహం వచ్చి ఫొటో మీద తెల్లటి గీత గీసి పోతుంది. భూమి వైపు వచ్చే కొన్ని గ్రహశకలాలను వెతకాల్సింది కూడా సరిగ్గా ఈ సంధ్యవేళల్లోనే! 2019 మేలో స్పేస్ఎక్స్ సంస్థ ఒకేసారి 60 స్టార్‌లింక్ ఉపగ్రహాలను పంపడంతో ఈ సమస్య అందరి కంటా పడింది. ఇప్పుడవి వేల సంఖ్యలో తిరుగుతున్నాయి.

కొలిచేదెలా?

ఉపగ్రహాన్నీ, పక్కనే ఉన్న నక్షత్రాలనూ ఒకే ఫొటోలో పడతారు. నక్షత్రాల వెలుగెంతో ముందే తెలుసు కాబట్టి దాంతో పోల్చి లెక్క కడతారు. ఆ కొలతే మాగ్నిట్యూడ్. ఇది తిరగేసిన లెక్క. అంకె ఒకటి పెరిగితే వెలుగు రెండున్నర రెట్లు తగ్గినట్టు. మామూలు కంటికి ఆనేది దాదాపు 6 వరకే. అయితే దగ్గరగా ఉన్న ఉపగ్రహం ఎక్కువ మెరుస్తుంది కదా! అందుకే దూరాన్నీ, సూర్యుడు ఉన్న కోణాన్నీ లెక్కలోకి తీసుకుని సరిచేస్తారు.

నల్లరంగు వేశారు!

శాస్త్రవేత్తలు గోల పెట్టాక, 2020 జనవరిలో స్పేస్ఎక్స్ ఒక ఉపగ్రహానికి నల్లపూత వేసి పంపింది. చిలీలో 60 సెంటీమీటర్ల టెలిస్కోపుతో కొలిస్తే మెరుపు సుమారు సగానికి తగ్గిందని తేలింది. కానీ నలుపు ఎండకు వేడెక్కుతుంది. అదే ఏడాది ఎండ తగలకుండా చూరులాంటి అడ్డు కట్టారు. ఉపగ్రహాల మధ్య మాట్లాడుకునే లేజర్లకు అదీ అడ్డే. చివరికి ఎండను భూమి వైపు రాకుండా పక్కకు మళ్లించే అద్దంలాంటి పొరను అతికించడం మొదలుపెట్టారు.

శ్రీహరికోట నుంచీ...

2022లో ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ సంస్థ పంపిన బ్లూవాకర్-3 యాంటెన్నా వైశాల్యం 64 చదరపు మీటర్లు. పలు దేశాల నుంచి కొలిస్తే ఒక దశలో దాని మాగ్నిట్యూడ్ 0.4. అంటే ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన నక్షత్రాల సరసన చేరిందన్నమాట! మాగ్నిట్యూడ్ 7 కన్నా ఎక్కువ మెరవకూడదన్నది శాస్త్రవేత్తలు కోరుతున్న హద్దు. దానికిది 400 రెట్లకు పైనే. అదే సంస్థ తయారుచేసిన బ్లూబర్డ్‌ను 2025 డిసెంబరు 24న మన ఎల్‌వీఎం-3 రాకెట్ శ్రీహరికోట నుంచి మోసుకెళ్లింది. దాని యాంటెన్నా దాదాపు 223 చదరపు మీటర్లు!

మాగ్నిట్యూడ్ 7 అన్నది వినతే తప్ప చట్టం కాదు. మారుమూల పల్లెకూ ఫోన్ సిగ్నల్ అందించే ఉపగ్రహాలను వద్దనలేం. ఆకాశాన్నీ వదులుకోలేం. అందుకే ఈ కొలతలు. తూకం వేసి చూపిస్తేనే కదా... బేరమాడగలిగేది!