వెచ్చదనమునకు పేరుకొను మందు

చలికాలమున గిన్నెలో పేరుకొనిన నెయ్యి పొయ్యి చెంతకు చేర్చినంతనే కరగును. మైనము, వెన్న, కొబ్బరినూనె ఇవన్నియు ఇట్టివే. దీనికి విరుద్ధముగా, చల్లగా నున్నప్పుడు ద్రవమై పాఱుచు, వెచ్చబడినంతనే పేరుకొను పదార్థము కలదన్నచో మీకు వింతగా తోచవచ్చును. గ్రుడ్డులోని తెల్లసొనయు కాచినచో గట్టిపడును గదా యని మీలో నెవరైన అడుగవచ్చును. నిజమే, కాని ఉడికిన సొన మరల ద్రవము కాజాలదు. ఈ పదార్థమును చల్లబఱచినచో మరల ద్రవమగును. మందును శరీరములో నిలిపియుంచుటకు వైద్యులు ఈ గుణమునే వాడుకొనుచున్నారు.

ఇట్టిదానిని హైడ్రోజెల్ అందురు. పేరు కొత్తదైనను వస్తువు మనకు కొత్తది కాదు. తాటిముంజ కండలో అధికభాగము నీరే. అయినను కోసి పళ్లెములో నుంచినచో పాఱిపోదు. నానిన సబ్జాగింజ చుట్టును ఏర్పడు జిగురుపొరయు నట్టిదే. దారములవంటి పొడవైన అణువులు వలవలె అల్లుకొని తమ నడుమ నీటిని పట్టియుంచును. 1960లో చెకోస్లొవేకియా దేశపు రసాయన శాస్త్రజ్ఞులు ఓటో విఖ్టర్లే, ద్రహొస్లావ్ లీమ్ అనువారు కృత్రిమ జెల్లులను మానవదేహమున ఉపయోగింపవచ్చునని ప్రకటించిరి. మరుసటి యేడు విఖ్టర్లే తన యింటిలోనే, పిల్లలాడుకొను లోహపు ముక్కలతో యంత్రము నమర్చి, సైకిలు డైనమోతో త్రిప్పి, మెత్తని కాంటాక్టు లెన్సులను తయారుచేసెను!

మందు ఎంత గొప్పదైనను, వ్యాధియున్న చోట తగినంతసేపు నిలువనిచో ప్రయోజనము లేదు. మూత్రపిండము రేయింబవళ్లు మూత్రమును తయారుచేయుచునే యుండును. దాని లోపలి కుహరమున పుట్టిన క్యాన్సరు గడ్డపై మైటోమైసిన్ అను మందును నీటిలో కలిపి పోసినచో, ఆ ప్రవాహము దానిని త్వరలోనే కడిగివేయును. అందువలన అంతగా తీవ్రము కాని గడ్డలకు సైతము పలుమార్లు మూత్రపిండమునే తొలగింపవలసి వచ్చుచుండెను. మనకున్నవి రెండే, అందొకటి పోవుట చిన్న నష్టమా?

2020లో అమెరికాలో అనుమతి పొందిన జెల్మైటో అను ఔషధము ఈ చిక్కును కొంత తీర్చినది. ఇందలి మందు ఆ మైటోమైసినే. దానిని మోయు జెల్ మాత్రమే కొత్తది. దానిని మంచు నడుమ నుంచి చల్లబఱచి, ద్రవముగా నున్నప్పుడే సన్నని గొట్టముద్వారా మూత్రపిండములోనికి పంపుదురు. శరీరపు వేడి తగిలి అది పేరుకొని, కుహరమునకు అచ్చు పోసినట్లు అమరును. పిమ్మట మూత్రము దానిని నాలుగు నుండి ఆరు గంటలలో మెల్లగా కరగించును. అంతసేపును మందు గడ్డను అంటియుండును. వారమున కొకసారిగా ఆరు వారములు ఈ చికిత్స చేయుదురు. పరీక్షింపబడిన 71 మంది రోగులలో సగముకంటె ఎక్కువమందికి గడ్డ కనబడకుండ పోయెను. అయితే పలువురికి మూత్రనాళము ఇరుకై, వేరుగా చికిత్స చేయవలసి వచ్చెను. ఈ సంగతిని దాచరాదు.

వేడికి అది పేరుకొనుటకు కారణమేమి? ఇందలి ముఖ్యపదార్థమగు పొలాక్సమర్ అణువునకు మూడు భాగములు కలవు. రెండు కొనలు నీటితో చెలిమి చేయును. నడిమి భాగమునకు నీరు గిట్టదు. చల్లగా నున్నప్పుడు నీటి యణువులు ఆ నడిమి భాగమునుకూడ చుట్టుకొని యుండును. వెచ్చబడగానే అవి తొలగిపోవును. అప్పుడు నడిమి భాగములు ఒకదాని నొకటి ఆశ్రయించి, మిక్కిలి సూక్ష్మమగు గుండ్రని ముద్దలగును. అట్టివి లెక్కలేనన్ని కిక్కిరిసి నిలుచుటచే ద్రవము కదలలేక జెల్ అగును.

ఇట్టి ద్రవములను సూదిద్వారా చర్మము క్రిందికిని ఎక్కింపవచ్చును. కత్తితో కోయ నక్కరలేదు. వేడికే గాక ఆమ్లమునకు, రక్తమందలి చక్కెరకు స్పందించు జెల్లులనుకూడ శాస్త్రజ్ఞులు రూపొందించిరి. చక్కెర పెరిగినప్పుడు ఉబ్బి ఇన్సులినును విడుచు జెల్ మధుమేహ రోగులకు ఎంత మేలు చేయునో ఊహింపుడు. కాని చక్కెర పెరిగినప్పుడు తెఱచుకొనుట ఒక యెత్తు, తగ్గినంతనే మూసికొనుట మఱియొక యెత్తు. క్షణకాలమాలసించి ఇన్సులినును అధికముగా విడిచినచో రోగి స్పృహ తప్పును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావుననే అట్టి జెల్లుపై ప్రయోగశాలలలో ఇంకను పరీక్షలు సాగుచున్నవి.